లేత్ మీద నిలబడ్డ బిళ్ళ

జూన్ 18

ఈ కొత్త సాసర్లకు అంచు లేదు. వంటింట్లోంచి అరుగు మీదికి వచ్చేలోపు సగం టీ కప్పులోంచి సాసర్‌లోకి, సాసర్‌లోంచి నా చీర మీదికి. ఎవరు తయారుచేశారో గాని వాళ్ళింట్లో టీ తాగే అలవాటు లేనట్టుంది. మా ఆయన ఆత్మారాం పేపరు పక్కన పెట్టి, "రేపటి సంది చాయ్ నేనే తెస్త తియ్, నువ్వు కూసో" అన్నాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో తాగిన గ్లాసు కడిగి ఎరగని మనిషి. మనసులో ఏదో పెట్టుకున్నాడు.

ఇంకో గిన్నె పాడైంది. వేపచెక్క, మంచి రంగు, జానెడు వెడల్పు. బయట నున్నగానే వచ్చింది. లోపలంతా అలలు. వేలు పెట్టి తడిమితే వానలు పోయాక మా గల్లీలో ఆటో ఎక్కినట్టుంది. గరుకు కాగితం పెట్టి ఎంత రుద్దినా ఆ అలలు పోవు.

కారణం తెలుస్తూనే ఉంది. చెక్కను గిర్రున తిప్పే నా లేత్ చిన్నది, బరువు లేదు. బల్ల మీద పెట్టి, నేను స్టూలు మీద కూర్చుని చేసే బొమ్మ మిషన్ అది. మోటరు తిరగ్గానే బల్లతో సహా వణుకుతుంది. బోధన్ ఆడపిల్లల బడిలో రిటైరయ్యేదాకా భౌతికశాస్త్రం చెప్పినదాన్ని, కంపనం అంటే ఏమిటో నాకు ఒకరు చెప్పనక్కర్లేదు.

జూన్ 21

భీమ్‌గల్ నుంచి ఆడబిడ్డ గంగుబాయి వచ్చింది. వచ్చీ రాగానే నా షెడ్డులోకి తొంగి చూసి, "వొదినె, ఇంక బొంగరాలేనా?" అంది.

నిజమే, బొంగరంతోనే మొదలైంది. మనవరాలు రుచితకు బజార్లో ప్లాస్టిక్ బొంగరం తప్ప దొరకలేదని పంతానికి చిన్న లేత్ కొన్నాను. రుచిత ఇప్పుడు హైదరాబాదులో ఇంజనీరింగ్ చదువుతోంది. నేను బొంగరాలు దాటి గిన్నెల దాకా వచ్చాను. ఇద్దరిలో ఎవరు ఎక్కువ నేర్చుకున్నారో చెప్పడం కష్టం.

ఈసారి సద్దుల బతుకమ్మ మా ఇంట్లో పేర్చాలి. గంగుబాయి దగ్గర వాళ్ళ అత్తగారి ఇత్తడి తాంబాలం ఉంది. అది తెస్తానని ప్రతి యేడూ ఒక రాజ్యం రాసిచ్చినట్టు చెబుతుంది. నోరూరుకోక, "నీది నీ దగ్గరే పెట్టుకో, ఈసారి తాంబాలం నేనే చెక్కతో చేస్తాను" అన్నాను.

గంగుబాయి లేత్ వైపు చూసింది, నా వైపు చూసింది. "దీని మీద తమలపాకంత తాంబాలం అయితది. ఒక్క తంగేడు పువ్వు పెట్టుకుందాం తియ్."

మా ఆయన నవ్వాడు. రాసి పెట్టుకుంటున్నాను, నవ్వాడు.

జూన్ 22

పెద్ద లేత్ కొంటున్నాను.

జూన్ 30

కొడుకు భానుప్రసాద్‌కు చెప్పాను. నిజామాబాద్‌లో వాడిది కరెంటు సామాన్ల దుకాణం, అక్కడ లేత్‌లు చేసేవాళ్ళు వాడికి తెలుసు.

"అవ్వా, నీ వయసెంతనే?"

"నువ్వు పుట్టిననాడు ఎంతున్నదో దానికి నీ వయసు కలుపు. కూడికలు నేనే నేర్పిన."

"నవ్వులాట కాదు. గది మనిషంత ఉంటది. నువ్వేమో నిన్న చాయ్ కప్పు..."

"చాయ్ కప్పుకూ లేత్‌కూ ఏం సంబంధంరా?"

వాడు వాళ్ళ బాపు వైపు చూశాడు. వాళ్ళ బాపు గోడ వైపు చూశాడు. ఆ గోడలో ఏముందో నేను కూడా చూశాను, ఏమీ లేదు.

భాను వెళ్ళాక మా ఆయన మెల్లగా, "ఒకసారి డాక్టరుకు సూపిద్దామా?" అన్నాడు.

"లేత్‌నా? డాక్టర్లు మిషన్లు చూడరు" అన్నాను.

పేపరు తీసి ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. చక్కెర ఫ్యాక్టరీలో చెరకు బండ్లు కాటా వేసిన మనిషి. ముల్లు కుదురుగా నిలిచేదాకా నోరు తెరవడు.

జూలై 9

బ్యాంకులో సంతకం కలవలేదట. కొత్తగా వచ్చిన పిల్ల, బాగా మర్యాదస్తురాలు. "మేడమ్, ఇంకొక్కసారి చేయండి, నిదానంగా" అంది. ఇంకొకసారి చేశాను. ఆ పిల్ల రెండు సంతకాలూ పక్కపక్కన పెట్టి, నా ముఖం వైపు చూసి, "పర్లేదు మేడమ్, మీరు నాకు తెలుసు కదా" అంది.

పెన్ను వాళ్ళది. దారంతో కౌంటరుకు కట్టేశారు. కట్టేసిన పెన్నుతో సంతకం కలవమంటే ఎలా కలుస్తుంది?

జూలై 24

వచ్చింది!

గూడ్సు ఆటోలో, తాళ్ళతో కట్టి, పెళ్ళికూతురిలా ఎర్ర టార్పాలిన్ కప్పుకుని వచ్చింది. దించడానికి ఆరుగురు పట్టారు. చిన్న లేత్‌ను నేనొక్కదాన్నే చంకలో పెట్టుకునేదాన్ని. దీన్ని కదిలించాలంటే పంచాయితీ పెట్టాలి. పోత ఇనుము, నల్లగా నూనె వాసన. షెడ్డు నేలలో బోల్టులు దించి సిమెంటుతో బిగించారు. మూరెడు వెడల్పు చెక్క కూడా దీని మీద తిరుగుతుంది. ముందర నిలబడితే నా నడుం దగ్గరికి వస్తుంది. కూర్చుని చేసే మిషన్ కాదిది, దీని ముందు నిలబడాల్సిందే.

వీధంతా వచ్చి చూసింది. పక్కింటి వాళ్ళ చుట్టం ఒకాయన, ఏర్గట్ల నుంచి, పేరు లింబయ్య, గేటు దగ్గర నిలబడి చాలాసేపు చూసి, "పసుపు పాలిష్ కొట్టే డ్రమ్మా టీచరమ్మా? డ్రమ్ము ఇంక బిగియ్యలేనట్టున్నది" అన్నాడు.

"డ్రమ్ము లేదు, ఇది చెక్కకు."

"మా పసుపుకొమ్ములు రెండు బస్తాలు మిగిలినయ్. వానలకు బూజు పట్టకముందే జెర..."

"ఇది చెక్కకు లింబయ్యా."

"సరే సరే, చెక్కది అయినంకనే మాది పెట్టు. తొందరేం లేదు."

బస్తాలు పక్కింట్లో దింపి పోయాడట. ఈ ఊళ్ళో పెద్దదేదైనా గుండ్రంగా తిరిగిందంటే అది పసుపుకో చెరకుకో తిరగాలి. ఒక ముసలామె సరదాకు తిరుగుతుందంటే ఎవరు నమ్ముతారు?

జూలై 25

పొద్దున టీ తాగకముందే వెళ్ళి చూసి వచ్చాను. అక్కడే ఉంది.

ఆగస్టు 4

ఈరోజు సంగతి వివరంగా రాయాలి.

ఆదివారం కదా, భాను వచ్చాడు, గంగుబాయి కూడా వచ్చింది. లేత్ ఎంత గట్టిదో చూపించాలనుకున్నాను. దానికొక పరీక్ష ఉంది. మిషన్ వీపు మీద ఒక బిళ్ళను అంచు మీద నిలబెట్టి మోటరు వేయాలి. బిళ్ళ పడకపోతే మిషన్‌లో వణుకు లేనట్టు. బడిలో అయితే దీన్ని ప్రయోగం అని పిలిచి మార్కులు వేసేదాన్ని.

అయిదు రూపాయల పాత బిళ్ళ తీశాను, మందంగా ఉండేది. అంచు అరిగిపోయినట్టుంది, నా చేతిలో నిలబడలేదు. ఇంకోసారి పెట్టాను, దొర్లి చెక్కపొట్టులో పడింది. మా ఆయన వెతికి తీసి, ఊది, ఒక్కసారికే నిలబెట్టాడు.

"ఎవ్వరూ ఊపిరి తియ్యొద్దు" అన్నాను.

"ఊపిరి తియ్యకుంటే సస్తం గద వొదినె" అంది గంగుబాయి.

మోటరు వేశాను. బిళ్ళ నిలబడింది. వేగం పెంచాను, నిలబడే ఉంది. ఇంకా పెంచాను. మిషన్ గుయ్యిమంటోంది, చెక్క గిర్రున తిరుగుతోంది, బిళ్ళ మాత్రం దండన పడ్డ పిల్లలా కదలకుండా నిలబడింది. భాను ఫోనులో వీడియో తీశాడు. "మస్తుందవ్వా" అన్నాడు. కొడుకు నోట మెప్పు వినడానికి మోటరు వేయాల్సి వచ్చింది. అయినా విన్నాను.

అక్కడితో ఆపి ఉండవలసింది.

ఆపలేదు. అందరి ముందూ గోరుఉలి పట్టి మామిడి చెక్కలో చిన్న పళ్ళెం తీశాను. మిషన్ ఆగాక గంగుబాయి దాని మీద వేలు వేసి చుట్టూ తిప్పింది. నేను ఆ వేలునే చూస్తున్నాను. లోపలి నుంచి అంచు దాకా అలలు.

గంగుబాయి వేలు తీసి కొంగుకు తుడుచుకుంది. "కొత్త మిషన్ గద వొదినె. జెర అలవాటు గావాలె" అంది.

వెక్కిరింపు లేదు, తమలపాకు లేదు. మెత్తగా అంది. ఇన్నేళ్ళలో గంగుబాయి నాతో మెత్తగా మాట్లాడటం ఇదే మొదటిసారి. బిళ్ళ ఇంకా నిలబడే ఉంది.

ఆగస్టు 5

మిషన్ కొత్తది. అలవాటు కావాలి.

ఆగస్టు 6

మిషన్ కొత్తది.

ఆగస్టు 11

మా ఆయన కూరగాయలకు వెళ్ళినప్పుడు షెడ్డులోకి పోయి తలుపు వేసుకున్నాను. బిళ్ళ నిలబెట్టడానికి చూశాను. పడింది. రూపాయి బిళ్ళ తెచ్చాను, పడింది. పది రూపాయల బిళ్ళ, పడింది. ఎడమ చేత్తో కుడి మణికట్టు పట్టుకుని పెట్టాను, అదీ పడింది.

మోటరు వేయనే లేదు.

ఆగస్టు 12

మిషన్ వణకడం లేదు. చెక్క గట్టిగా బిగించి ఉంది. ఇక ఉలిని పట్టుకున్నదేమిటి? తరగతిలో ఇంతవరకూ వచ్చి జవాబు చెప్పని పిల్లను నేను బెంచీ ఎక్కించేదాన్ని.

నన్ను కన్న మా అవ్వ బీడీలు చుట్టేది. చేట ఒళ్ళో పెట్టుకుని, నాచేత పాఠం ఒప్పజెప్పించుకుంటూ, చేతుల వైపు చూడకుండా చుట్టేది. నా చదువు ఆ చేతుల్లోంచే వచ్చింది. ఆ చేతులు వణకడం మొదలయ్యాక కార్ఖానాలో ఆమె కట్టలు తిప్పి పంపేవాళ్ళు. బీడీలు మానేసింది. తర్వాత ముగ్గు మానేసింది. తర్వాత జడ వేసుకోవడం. నలుగురిలో కూర్చుని తినడం మానేసింది. ఏదీ చేతకాక కాదు, ఎవరైనా చూస్తారని. ఒక్కొక్కటే మానేసి చివరికి మంచానికి మిగిలింది.

నాకు ముందు ఏది పోతుందో తెలుసు. ఇనుముతో చేసింది, బోల్టులు దించి బిగించింది. కదిలించాలంటే ఆరుగురు కావాలి.

ఆగస్టు 13

మా ఆయనకు చెప్పాను. "నా చేతులు వణుకుతున్నాయి" అన్నాను, ఏదో వార్త చెప్పినట్టు.

"పోయినేడు సంది చూస్తున్న" అన్నాడు.

"మరి చెప్పలేదేం?"

"చెప్తే నా కండ్లు ఖరాబైనయంటవ్ గద."

అంటాను. నిజమే.

ఆగస్టు 20

నిజామాబాద్ వెళ్ళాం. నరాల డాక్టరు, భాను కంటే చిన్నవాడిలా ఉన్నాడు. ముందు ఒక గ్లాసులో నీళ్ళు ఇంకో గ్లాసులోకి వంచమన్నాడు. బల్ల తడిపాను. తర్వాత కాగితం ఇచ్చి, మధ్యలోంచి మొదలుపెట్టి నత్తగుల్లలాగా చుట్లు గీయమన్నాడు.

గీశాను. చూశాను. నా గిన్నెల్లో ఉన్న అలలే. లోపలి నుంచి అంచు దాకా, అచ్చంగా అవే. ఇన్నాళ్ళూ ఈ పరీక్ష నేను వేపచెక్క మీద, మామిడిచెక్క మీద రాస్తూనే ఉన్నాను. పేపర్లు మాత్రం దిద్దలేదు.

మంచాన పడేసే పెద్ద జబ్బేమోనని భయపడ్డాను, అది కాదట. చేతి వణుకు, కొన్ని కుటుంబాల్లో వస్తుందట, ప్రాణానికి ఏమీ కాదట. మాత్ర వేసుకుంటే కొంత తగ్గుతుంది, పూర్తిగా పోదు.

"ఇంట్లో ఏం చేస్తుంటారమ్మా?"

"లేత్ మీద చెక్క తిప్పుతాను."

డాక్టరు పెన్ను కింద పడింది. "మీది కూడా ఒకసారి ఎవరికైనా చూపించుకో నాయనా" అన్నాను. మా ఆయన దగ్గాడు.

మానేయమంటాడని చూశాను, అనలేదు. గాల్లో చాచిన చెయ్యి ఎక్కువ వణుకుతుందట, ఒంటికి ఆనించిన చెయ్యి తక్కువట. "ముఖానికి అడ్డుగా అద్దం పెట్టుకోండి, అలసిపోతే ఆపేయండి, తొందరపడకండి" అన్నాడు. తొందరా? సద్దుల బతుకమ్మ దగ్గరికొచ్చింది. అది ఈ పిల్లవాడికి ఎవరు చెబుతారు?

సెప్టెంబర్ 1

మాత్రకు నిద్ర వస్తోంది. వణుకు సగం తగ్గింది. మిగతా సగం నాదే.

ఉలికి పొడవైన పిడి చేసుకున్నాను. పిడి చివర తుంటికి ఆనించి, మోచేతులు పక్కలకు అదిమి పట్టాలి. ఒంటికి ఆనిన చోట చెయ్యి నిజంగానే కుదురుగా ఉంది. కాని చేతులు అలా బిగించుకుంటే ఉలి ముందుకు పోదు. పోనిద్దామని చేతులు వదిలితే మళ్ళీ అలలు. మూడు చెక్కలు పొయ్యి పాలయ్యాయి.

సెప్టెంబర్ 5

గంగుబాయి వచ్చింది. నేను పిలవలేదు. మా ఆయన ఫోను చేసి ఉంటాడు, ముఖం చూస్తేనే తెలుస్తోంది. ఆమెకు అన్నీ చెప్పి ఉంటాడు కూడా. జాలి చూపిస్తుందేమో అని ముందే నోరు పదును చేసుకుని కూర్చున్నాను.

గంగుబాయి స్టూలు లాక్కుని కూర్చుని, శనగలు నములుతూ, నేను ఉలి పట్టడం చూసింది. చాలాసేపు చూసింది.

"వొదినె, గట్ల దొంగను పట్టుకున్నట్టు నిలబడ్డవేందే?"

"మరెట్ల నిలబడాలె?"

"చేతులు కదలొద్దంటున్నవ్, ఉలి కదలాలంటున్నవ్. మరి కాళ్ళెందుకున్నయ్? బతుకమ్మ కాడ ఎట్ల ఆడ్తం? చేతులు జాగ మీదనే ఉంటయ్, మనిషే ఊగుతది. గాడ నీ ఆట ఎన్నడు మంచిగ లేదనుకో."

"నా ఆటకేమైందే?"

"కవాతు లెక్క ఉంటది. గందుకే చెప్తున్న."

లేచి వచ్చి నా పక్కన నిలబడింది. పాట అందుకుంది. కుడికాలు ముందుకు, నడుం వంగి, మళ్ళీ వెనక్కి. మోటరు రొదలో సగం పాట వినిపించలేదు, అయినా కాలికి అందింది. తుంటికి ఆనించిన ఉలి నాతోపాటే కదిలింది. చేతులు ఏమీ చేయలేదు. పట్టుకుని ఊరుకున్నాయి, అంతే. చెక్క పొర చిరగకుండా పొడుగ్గా, మెలిక తిరిగి, మా ఇద్దరి కాళ్ళ మీద పడింది.

మా ఆయన తలుపు దగ్గరికి వచ్చి, ఇద్దరు ముసలివాళ్ళు మిషన్ ముందు బతుకమ్మ ఆడటం చూసి, వచ్చిన దారినే వెళ్ళిపోయాడు.

మోటరు ఆపాను. వేలు నేను పెట్టలేదు, గంగుబాయిని పెట్టమన్నాను. చుట్టూ తిప్పింది. ఇంకోసారి తిప్పింది.

"బొంగరాల టీచరమ్మా, గిది గిన్నె" అంది.

సెప్టెంబర్ 6

ఒక సంగతి గట్టిగా రాసి పెట్టాలి. స్టూలు మీద కూర్చుని ఎవరూ ఊగలేరు. బల్ల మీది బొమ్మ మిషన్ ముందు ఈ పని అయ్యేది కాదు. నిలబడే మిషన్ కావాలి, బరువున్న మిషన్ కావాలి. అంటే పెద్ద లేత్ కొనాలన్న నా నిర్ణయం సరైనదే. కారణం ఒక్కటే తప్పు. జవాబు సరిగ్గా వస్తే సగం మార్కులు వేసేదాన్ని, నాకూ వేసుకుంటున్నాను.

సెప్టెంబర్ 27

తాంబాలం అయింది.

సామిల్లులో ఏళ్ళ తరబడి ఎండిన మామిడి దిమ్మె. మూరెడు వెడల్పు, అంచు పైకి లేచి, మధ్యలో సన్నని నల్లచార ఒకటి మెరుపులా. రోజూ కొంచెం, పొద్దున మాత్ర పట్టిన తర్వాత, అలసట వచ్చేదాకా. అడుగున ఒకచోట అల ఉంది. ఆరోజు కరెంటు పోయి వచ్చింది, నా కాలు తప్పింది. ఈసారి నిజంగానే కరెంటుదే తప్పు, మా ఆయన సాక్షి.

నువ్వుల నూనె పట్టించి అరుగు మీద ఎండకు పెట్టాను. వీధిలో పోయేవాళ్ళు ఆగి చూస్తున్నారు. లోపల పెట్టొచ్చు. పెట్టను.

లింబయ్య కూడా వచ్చి చూశాడు. "పసుపు రంగే వచ్చింది" అన్నాడు సంతృప్తిగా. బస్తాలు తీసుకుపోయాడు.

అక్టోబర్ 10

సద్దుల బతుకమ్మ. కాళ్ళు లాగుతున్నాయి, అయినా రాయాలి.

గుమ్మడాకులు పరిచి, తంగేడు, గునుగు, బంతి, వరుస మీద వరుస పేర్చాం. నా ఛాతీ ఎత్తు వచ్చింది. గంగుబాయి ఇత్తడి తాంబాలం తేలేదు. "మరిచిపోయిన" అంది. ఆమె తన పేరు మరిచిపోతుంది గాని ఆ తాంబాలం మరవదు. ఆడుతున్నంతసేపూ వచ్చిన ప్రతి మనిషికీ, "కింద చూడున్రి, కింద. కొన్నది కాదు, మా వొదినె చేసింది" అని పూల కింద వంగి చూపించింది. నా కంటే ఎక్కువసార్లు చెప్పింది. నేను తక్కువేమీ చెప్పలేదు.

చెరువు దగ్గర అసలు తమాషా. ప్రతి యేడూ చేసినట్టే నీళ్ళలోకి దిగి తాంబాలం కిందికి నొక్కాం. ఇత్తడిది అయితే జారి మునుగుతుంది, పూలు తేలుతాయి, పళ్ళెం చేతిలో మిగులుతుంది. ఇది చెక్క అన్న సంగతి ఒక్కరికీ గుర్తు రాలేదు, భౌతికశాస్త్రం చెప్పినదానికి కూడా. నొక్కితే పైకి లేచింది. ఇంకా నొక్కితే చేతుల్లోంచి జారి, బతుకమ్మను నెత్తిన పెట్టుకుని, నిటారుగా చెరువు మధ్యకు బయలుదేరింది. ఆడవాళ్ళంతా కేకలు. భాను ప్యాంటు మడిచి నీళ్ళలోకి ఉరికాడు.

"అగో, ఎవ్వరు నొక్కినా మునుగది. అచ్చం నీ లెక్కనే ఉన్నది వొదినె!" అని గంగుబాయి ఒడ్డున నిలబడి అరిచింది.

చెరువంతా విన్నది. బాగా అయింది.

అక్టోబర్ 15

బ్యాంకుకు వెళ్ళాను. ఆ పిల్లను పిలిచి, "కొత్త నమూనా సంతకం తీసుకో" అన్నాను. కార్డు ఇచ్చింది. దారం కట్టిన పెన్నుతోనే, వంకర్లు వంకర్లుగా, ఒకదాని కిందొకటి చేశాను. భాను నీళ్ళలోంచి లాక్కొచ్చిన తాంబాలం అడుగున కాల్చిన కమ్మితో పెట్టింది కూడా అదే సంతకం. ఆ పిల్ల పోల్చి చూసి, "అన్నీ ఒకేలా ఉన్నాయి మేడమ్" అంది. ఉంటాయి మరి, ఇప్పుడు నా సంతకం ఇదే.

అక్టోబర్ 19

మిగిలిన మామిడిచెక్కలో రెండు సాసర్లు తిప్పాను, లోతుగా, అంచు బొటనవేలంత ఎత్తుగా.

టీ నేనే తెచ్చాను. మా ఆయన లేవబోయి, నా చూపు చూసి కూర్చున్నాడు. వంటింట్లోంచి అరుగు దాకా టీ ఒలికింది, ఒలికిన టీ అంతా సాసర్‌లోనే ఆగింది. చీర మీద ఒక్క చుక్క లేదు.

సాసర్లకు అంచు లేదని నేను జూన్‌లోనే చెప్పాను.